మూడు కళ్ళ సన్నాయి

నేను ఒక నాదస్వరాన్ని. మా మోదుగకొండ జనం సన్నాయి అంటారు. ఏ పేరు పెట్టి పిలిచినా నా బతుకు ఒక్కటే. ఒక కొస ఒకడి నోట్లో, ఇంకో కొస లోకం చెవిలో. మధ్యలో రెండు మూరల పొడవునా ఉమ్మి.

ముందే చెప్పేస్తాను, నాకు మనుషులంటే రోత. ఉమ్మి వల్ల కాదు. అరవై ఏళ్ళపాటు నెత్తురు చూసినదాన్ని, ఉమ్మి నాకో లెక్కా? పొట్టేళ్ళు తెగిన చోట కూడా నాకు ఏనాడూ వెగటు పుట్టలేదు. జనం నాకు చేతులు జోడించి దణ్ణం పెట్టడం మొదలెట్టాకే పుట్టింది.

సన్నాయి కాకముందు నేను ఒక దూలాన్ని. నారేపి కర్ర దూలాన్ని. మోదుగకొండ పాత మార్కెట్లో మాంసం కొట్టుకు అడ్డంగా ఉండేదాన్ని. నా ఒంటికి పదకొండు ఇనప కొక్కేలు. రోజూ తెల్లారేసరికి వాటికి పొట్టేళ్ళు వేలాడేవి, మధ్యాహ్నానికి ఖాళీ అయ్యేవి. కొట్టు యజమాని జబ్బార్. పెద్ద మీసం, చిన్న గొంతు. ప్రతి శుక్రవారం కొట్టు కడిగాక, గిన్నెలో మిగిలిన కొవ్వు కరగబెట్టి, చెదలు పట్టకుండా గుడ్డతో నా ఒళ్ళంతా రాసేవాడు. రాసేటప్పుడు కొడుకుని భుజాల మీద ఎక్కించుకునేవాడు. ఆ పిల్లాడి పేరు గఫూర్.

నా మీది ఒక కొక్కెం ఎప్పుడో ఊడిపోయింది. దాని చోట మూడు బెజ్జాలు మిగిలాయి. పైన ఒకటి, కింద రెండు. గఫూర్ ఆ మూడింట్లోకీ వేలితో కొవ్వు కూరేవాడు.

"ఏం చేస్తున్నావురా?" అనేవాడు జబ్బార్.

"దూలానికి బువ్వ పెడుతున్నా అబ్బా."

ఈ మూడు బెజ్జాల్ని గుర్తుపెట్టుకోండి. కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

డెబ్బై రెండులో మునిసిపాలిటీ వాళ్ళు పాత మార్కెట్ కూల్చేశారు. ఆ రోజుల్లో ఎక్కడ పాత కట్టడం కూలినా అక్కడ ఒక ముసలాయన ప్రత్యక్షమయ్యేవాడు. పేరు మల్లాచారి, సన్నాయిలు చెక్కే మనిషి. చెట్టు నుంచి నేరుగా వచ్చిన కర్రను ఆయన ముట్టడు. "ఏభై ఏళ్ళు కప్పు మోసిన కర్రకే ఓర్పు ఉంటుంది" అనేవాడు. కూలిన దూలాల మధ్య తిరుగుతూ ఒక్కోదాన్నీ వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. నన్ను తట్టాడు. మళ్ళీ తట్టాడు. వాసన చూసి మొహం చిట్లించాడు. మూడోసారి తట్టి, బండి పిలిపించాడు.

ఎందుకో చెబుతాను, ఎందుకంటే దీని గురించి మీకు చెప్పేవాళ్ళంతా అబద్ధాలే చెబుతారు. టేకు మెత్తన, గాలిని మింగేస్తుంది. ఎర్రచందనం గొంతు తీపిగానే ఉంటుంది గానీ రెండు ఎండాకాలాలకే నెర్రె విడుస్తుంది. లేత నారేపి అయితే ఊదేవాడి ఉమ్మి తాగి లోపల ఉబ్బుతుంది. మూడో కీర్తనకే శ్రుతి జారుతుంది. నేను తాగను. అరవై ఏళ్ళ కొవ్వు నా నరనరానా ఇంకిపోయింది. తడి నా గోడల మీద నిలవలేదు, జారిపోతుంది. గొట్టం లోపల నునుపు, వాలు ఎప్పుడూ చెక్కినప్పటిలాగే ఉంటాయి. నా నాదంలోని రహస్యం అంతే. పొట్టేలు కొవ్వు. ఇందులో పుణ్యమూ లేదు, పాపమూ లేదు.

మల్లాచారి కొక్కేలన్నీ పీకి, నన్ను కోసి, తరిణె పట్టి గుండ్రంగా చేసి, నిలువునా తొలిచాడు. కింద వెడల్పాటి గిన్నె బిగించాడు. మూడు బెజ్జాలు లోపలి దాకా పోలేదు, పైపైనే ఆగాయి. వాటిని లక్కతో పూడ్చాడు. గిన్నెకు కాస్త పైన మూడు నల్లటి మచ్చలు మిగిలాయి.

అప్పుడు వచ్చాడు బాలకోటయ్య.

నలభై ఏళ్ళ మనిషి. పెళ్ళిళ్ళకు మేళం కట్టేవాడు. పెళ్ళి పందిట్లో పిల్లలు ఎదురుగా నిలబడి చింతకాయ కొరికి, కళ్ళు మూసి, చప్పరించేవాళ్ళు. అది చూసి ఊదేవాడి నోట్లో నీళ్ళూరాయంటే సన్నాయి గుడగుడమని ఆగిపోతుంది. జనమంతా పగలబడి నవ్వుతారు. ఇరవై ఏళ్ళుగా ఆ నవ్వులు తిన్న మనిషి. అతనికి ఒక్కటే కోరిక. కొండ మీద నరసింహస్వామి గుడిలో ఆస్థాన విద్వాంసుడు కావాలి. అక్కడ ఎవడూ చింతకాయ చూపించడు. కొండ కింద ఇల్లిస్తారు. ఊరు "గారూ" అంటుంది. రెండుసార్లు పరీక్షకు వెళ్ళాడు. రెండుసార్లూ లేత కర్ర సన్నాయి మూడో కీర్తనలో మోసం చేసింది.

నన్ను తీసుకుని ఒక్క కల్యాణి ఊదాడు. వీధిలో సైకిళ్ళు ఆగాయి.

"కోటయ్యా, ముందే చెబుతున్నా," అన్నాడు మల్లాచారి. "ఇది జబ్బార్ కొట్టు దూలం. ఎక్కడ ఊదుకుంటావో నీ ఇష్టం."

బాలకోటయ్య నన్ను చాప మీద పెట్టేశాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు. నా వైపు చూశాడు. మళ్ళీ తీసుకున్నాడు.

"ఇంకెవరికైనా తెలుసా ఆచారి గారూ?"

"నాకూ నీకూ."

"అయితే పాత రథం ఇరుసుతో చేశారనుకుందాం."

"నువ్వు అనుకో. నేను అనను."

మల్లాచారి నిజంగానే ఏనాడూ అనలేదు. అలాగని కాదనీ అనలేదు. నేను చూసిన మనుషుల్లో నిజాయితీపరుల తీరు కూడా ఇంతే.

మూడోసారి పరీక్షలో బాలకోటయ్య నెగ్గాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళు జరిగిన తంతు చెప్పాలంటే ఇప్పటికీ నాకు వెగటు. ధర్మకర్త పానకాలరావు నాకు వెండి కట్టు వేయించాడు. వచ్చిన ప్రతి అతిథినీ నా దగ్గరికి తెచ్చి, "జాగ్రత్తగా వినండి, లోపల రథచక్రాలు దొర్లుతున్నట్టు లేదూ?" అనేవాడు. "అవునండోయ్!" అనేవాళ్ళు, జడ్జీలూ, డాక్టర్లూ. నా మూడు మచ్చలు స్వామివారి మూడు కళ్ళట. వాటికి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. కడుపు పండాలని ఒకావిడ నా గిన్నెకు నుదురు ఆనించి ఏడ్చింది. లోపల పొట్టేలు కొవ్వు, పైన భక్తుల కన్నీళ్ళు.

డోలు వాయించే సాంబయ్య ఒక్కడే మామూలు మనిషిలా ఉండేవాడు. "కోటయ్య బావా, మీ రథం ఇరుసుకి ఇవాళ కొంచెం జలుబు చేసినట్టుందే," అనేవాడు. బాలకోటయ్య నవ్వేవాడు కాదు. అబద్ధం మోసేవాడికి హాస్యం బరువు.

ఎనిమిదో ఏట మల్లాచారి పోయాడు. నిజం తెలిసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే అనుకున్నాడు బాలకోటయ్య. నన్ను లెక్కలో వేసుకోలేదు. మూడో మనిషి సంగతి మాత్రం మరిచాడు.

పన్నెండో ఏడు ఫాల్గుణ మాసం. కల్యాణోత్సవం ఊరేగింపు కొండ దిగి బజారు వీధిలోకి వచ్చింది. సోడా కొట్టు దగ్గర మేళం కాసేపు ఆగింది. బాలకోటయ్య నన్ను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని సోడా తాగుతున్నాడు. జనంలోంచి ఒక మనిషి తొంగిచూశాడు. నలభై ఏళ్ళుంటాయి. తండ్రి మీసమే, గొంతు మాత్రం పెద్దది. కొత్త మార్కెట్లో కొట్టు నడుపుతున్న గఫూర్.

నా మచ్చలు చూశాడు. వంగాడు. కళ్ళు పెద్దవి చేసుకున్నాడు.

"అరే! ఇది మా దూలం!"

వీధంతా విన్నది. వాడి గొంతులో కోపం లేదు, ఫిర్యాదు లేదు. పోయిందనుకున్న మేనమామ సంతలో ఎదురైనట్టు ఒకటే సంబరం. "కోటయ్యన్నా, ఇది మా అబ్బా కొట్టు దూలమన్నా! ఈ మూడు బెజ్జాల్లో చిన్నప్పుడు నేనే కొవ్వు పెట్టేవాణ్ణి! స్వామికి ఊదుతున్నది మా దూలమా? మా అబ్బా ఉంటే ఎంత మురిసిపోయేవాడో!"

సాంబయ్య ఫక్కున నవ్వి, చుట్టూ మొహాలు చూసి ఆపేశాడు. బాలకోటయ్య సగం తాగిన సోడా సీసా కింద పెట్టాడు. అతను "అవును" అని ఉండొచ్చు. "కాదు" అని ఉండొచ్చు. ఏదీ అనకుండా లేచి, "పదండి, ఆలస్యమవుతోంది" అన్నాడు.

సాయంత్రానికల్లా మాట కొండెక్కింది.

నాలుగో రోజు పొద్దున కొండ కింద కల్యాణ మండపంలో పంచాయితీ. పానకాలరావు మధ్యలో కూర్చున్నాడు. ఊరు ఊరంతా వచ్చింది. గఫూర్‌ని పిలిపించి కటకటాల అవతల నిలబెట్టారు. విషయం తేలికే. గఫూర్ మాట నిజమైతే బాలకోటయ్య పదవి పోతుంది, కొండ కింద ఇల్లు పోతుంది, పన్నెండేళ్ళ పేరు బురదలో కలుస్తుంది. అబద్ధమైతే దేవుడి వస్తువు మీద నింద వేసినందుకు గఫూర్ అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి.

"స్వామి పాదాల దగ్గర ఉన్నావు. చెప్పు కోటయ్యా. ఇది దేని కర్ర?" అన్నాడు పానకాలరావు.

"రథం ఇరుసండీ. మల్లాచారి గారే చెప్పారండీ."

చచ్చినవాడి నెత్తిన పెట్టాడు! మల్లాచారి ఏ మాట అననన్నాడో సరిగ్గా ఆ మాటే ఆయన నోట్లో కుక్కాడు. మాంసం కొట్టులో అరవై ఏళ్ళుండి కూడా ఇంత కంపు నేను ఎరుగను.

అయినా పానకాలరావుకు ఒక సాక్షి కావాలి. అందుకని పట్నం నుంచి ఒక సంగీత పండితుణ్ణి రప్పించాడు. విశ్వపతి అని పేరు. ఏ వాద్యం వింటే ఆ వాద్యపు కర్ర ఏ చెట్టుదో, ఏ జన్మలో ఏం చేసిందో చెప్పగలడని ప్రతీతి. ఆయన కళ్ళు మూసుకుని చెయ్యెత్తాడు.

"వాదనలు అనవసరం. కర్ర చరిత్ర నాదంలోనే ఉంటుంది. హింస జరిగిన చోట ఉన్న కర్ర ఎంత దాచినా ఏడుస్తుంది. ఊదమనండి."

బాలకోటయ్య నన్ను ఎత్తాడు. పీక నోట్లో పెట్టాడు.

ఒక సంగతి చెప్పాలి. నా ఒళ్ళు ఎంత గొప్ప కర్రయినా, నా పీక రెల్లుతో చేసింది. రెండు రెల్లు రేకులు. అవి తడిస్తేనే వణుకుతాయి. వణికితేనే నాదం. బాలకోటయ్య నోరు ఎండిపోయింది. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఊదితే బుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు. ఎవరో మంచినీళ్ళిచ్చారు. తాగాడు. నీళ్ళు గొంతులోకి పోయాయి, పెదవులు అట్లాగే ఎండి ఉన్నాయి. మళ్ళీ ఊదాడు. బుస్సు.

జనంలో గుసగుస. "స్వామి గొంతు నొక్కేశాడు." "మాంసం కొట్టు కర్రే అయ్యుంటుంది." పానకాలరావు మొహం నల్లబడింది. విశ్వపతి ఒక కన్ను తెరిచాడు. బాలకోటయ్య చెవుల వెనక నుంచి చెమట కారి నా వెండి కట్టు మీద పడింది. ఇంకో నిమిషం గడిస్తే నిజం దానంతటదే బయటపడేది. నేను ఎదురుచూశాను. నిజంగా ఎదురుచూశాను.

అప్పుడు గఫూర్ కదిలాడు.

మండపం పక్కన చింతచెట్టు ఉంది. కొమ్మ వంచి ఒక దోరకాయ తెంపాడు. కటకటాల దగ్గరికొచ్చి, సరిగ్గా బాలకోటయ్య ఎదురుగా నిలబడ్డాడు. కాయ కొరికాడు. పళ్ళు పులిసిపోయినట్టు కళ్ళు గట్టిగా మూసి, భుజాలెగరేసి, "స్... అబ్బబ్బా!" అని చప్పరించాడు. అచ్చం పెళ్ళిపందిట్లో పిల్లవెధవలా.

జనం బిత్తరపోయారు. వెక్కిరిస్తున్నాడనుకున్నారు. కాదు. మెల్లగా, బాలకోటయ్యకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"ఊదన్నా, భయపడకు. మంచిగా ఊదు. మా దూలం పరువు తియ్యకు."

బాలకోటయ్య దవడల్లో నీళ్ళూరాయి. ఇరవై ఏళ్ళు ఏ నీళ్ళకు భయపడ్డాడో ఆ నీళ్ళే పీకను తడిపాయి. ఊదాడు. కల్యాణి లేచింది. నాకు తెలిసి అంత బాగా నేనెప్పుడూ పలకలేదు. గఫూర్ కటకటాలు పట్టుకుని, పులుపు మొహంతోనే తలాడిస్తూ, కళ్ళు తుడుచుకున్నాడు.

రాగం ఆగింది. విశ్వపతి గద్గదంగా అన్నాడు. "ఇందులో నెత్తురు వాసన లేదు. శుద్ధమైన రథదారువు. ఇరుసు తిరిగిన సవ్వడి నాకు స్పష్టంగా వినపడింది." చప్పట్లు మారుమోగాయి.

పానకాలరావు వేలు గఫూర్ వైపు తిరిగింది. "విన్నావుగా? ఏమంటావు?"

గఫూర్ బాలకోటయ్య వైపు చూశాడు. ఒక్క మాట చాలు. బాలకోటయ్య నోరు ఇప్పుడు ఎండిపోయి లేదు. మాట్లాడ్డానికి కావలసినంత తడి ఉంది, ఆ తడి ఇచ్చినవాడు ఎదురుగానే ఉన్నాడు.

బాలకోటయ్య తల వంచుకుని నా పీక సర్దుతున్నాడు. పీక సరిగానే ఉంది.

గఫూర్ అది చూశాడు. చేతిలో సగం కొరికిన చింతకాయ కింద పడేశాడు. చేతులు జోడించాడు.

"పొరపాటు పడ్డానండీ. దూలాలన్నీ ఒకేలా ఉంటాయి."

ఆ తర్వాత బాలకోటయ్య ఇంకా పదిహేడేళ్ళు ఆస్థానంలో ఊదాడు. సన్మానాలు, శాలువాలు, బిరుదులు. కానీ ఒక రహస్యం నాకు తెలుసు. ఆ రోజు నుంచి అతని నోరు తడవలేదు. ప్రతి కచేరీకీ ముందు మొలలో దాచుకున్న చింతపండు ఉండ తీసి, అటు తిరిగి నాకేవాడు. అది లేకుండా ఒక్క స్వరం పలికేది కాదు. నా గొట్టం పదిహేడేళ్ళు ఆ పులుపు మింగింది. సాంబయ్య ఒకసారి చూసి, "ఏంటి బావా, ఈ వయసులో వేవిళ్ళా?" అన్నాడు. బాలకోటయ్య మరుసటి వారమే వేరే డోలు మనిషిని పెట్టుకున్నాడు.

గఫూర్ ఇంటి ముందు నుంచి మాత్రం బాలకోటయ్య ఏనాడూ ఊరేగింపు వెళ్ళనివ్వలేదు. సందు ఇరుకు అనేవాడు.

బాలకోటయ్య పోయాక నన్ను జిల్లా మ్యూజియానికి ఇచ్చారు. అద్దాల బీరువా, ఎర్ర వెల్వెట్టు, ఇత్తడి పలక. "పురాతన రథపు ఇరుసుతో చేసిన నాదస్వరం. నాదగాంభీర్యానికి ఆ పవిత్ర దారువే కారణం." నా పక్క అరలో ఒక ఓబో ఉంది. ఏదో పాత సైనిక బ్యాండు నుంచి వచ్చిన దొరల సన్నాయి. నాలాగే రెండు రెల్లు రేకులతో పలికే జాతి. దాని పలక మీద "ఆఫ్రికా నల్లకర్ర వల్లనే ఈ మాధుర్యం" అని రాసి ఉంది. సందర్శకులు రాని సోమవారాల్లో మేం మాట్లాడుకుంటాం.

"నా కింది భాగం అసలు కర్రే కాదు," అంది అది ఒకరోజు. "ఒకసారి మెట్ల మీద పడి విరిగితే, గట్టి రబ్బరుతో ముక్క చేసి, నల్లరంగు పూసి అతికించారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు కచేరీలు చేశాను."

"ఎవరూ కనిపెట్టలేదా?"

"కనిపెట్టకపోవడమా? రబ్బరు ముక్క పలికే కింది స్వరాలు విన్నప్పుడల్లా 'ఆహా, అసలైన కర్ర' అనేవాళ్ళు."

ఇద్దరం నవ్వుకోలేదు. ఎప్పుడో వెగటు పుట్టిన విషయానికి నవ్వు రాదు.

మొన్న మే నెల. ఎండకు నాలోపల కదలిక వచ్చింది. మచ్చల్లోని లక్క ఎప్పుడో పగిలి రాలిపోయింది. ఆ మూడు బెజ్జాల్లోంచి మూడు నూనె బొట్లు ఊరాయి. ఒక పిల్లాడు దూలానికి పెట్టిన బువ్వ, ఇన్నేళ్ళకు బయటికొచ్చింది. కాపలాదారు సుందరం అద్దం తలుపు తీసి నన్ను తుడవబోతుంటే ఒక ముసలాయన మనవరాలి చెయ్యి పట్టుకుని లోపలికొచ్చాడు. మీసం తెల్లబడింది. గొంతు తగ్గింది.

గఫూర్.

పిల్లకు ఎనిమిదేళ్ళుంటాయి. పలక చదివింది. వంగి నా బొట్ల దగ్గర ముక్కు పెట్టింది.

"దాదా, ఇది మన కొట్టు వాసన వస్తోంది!"

సుందరం ఉలిక్కిపడ్డాడు. "తప్పు పాపా! అది రథం ఇరుసుకు పూసిన ఆముదం. స్వామి మహిమ, ఇప్పటికీ ఊరుతోంది."

పిల్ల తాత వైపు తిరిగింది. "ఆముదం కాదు దాదా. నాకు తెలుసు కదా. నువ్వు చెప్పు."

ఆనాడు పంచాయితీలో బాలకోటయ్య మాట కోసం కూడా నేను ఇంతగా ఎదురుచూడలేదు. చెప్పు గఫూర్. ఇప్పుడు పంచాయితీ లేదు, పానకాలరావు లేడు. ఒక పిల్ల, ఒక కాపలాదారు. అంతే.

గఫూర్ పలక వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"ఆముదమే అమ్మా," అన్నాడు. "పెద్దవాళ్ళు చెప్పారు."

సుందరం స్పిరిట్ సీసా కోసం పక్కకు తిరిగాడు. ఆ క్షణంలో గఫూర్ చెయ్యి చాచి, చూపుడు వేలు నా మూడు బెజ్జాల మీద ఒక్కొక్కటిగా పెట్టాడు. పెదవులు కదిలాయి. "తిన్నావా?"

"అయ్యో, ముట్టుకోకూడదు పెద్దాయనా! అపచారం!" సుందరం ఒక్క ఉదుటున వచ్చాడు. గఫూర్ చేతులు జోడించి, మనవరాలి చెయ్యి పట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

సుందరం గఫూర్ వేలు తాకిన చోటల్లా స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచాడు. తర్వాత, నా కొవ్వు అంటిన ఆ గుడ్డను భక్తిగా కళ్ళకద్దుకున్నాడు.